తిని రావాల్సిన పరీక్ష

నేను కోరుట్లలో రక్తం తీస్తాను. బస్టాండు వెనక ఒక్క గది ల్యాబు నాది. ఇక్కడ తీసిన రక్తంలో సగం హైదరాబాదుకు పోతుంది, రిపోర్టులు కంప్యూటర్‌లోకి వస్తాయి. పదహారేళ్లుగా ఇదే పని. పరీక్షకు ముందే రక్తాన్ని మంచి చేసుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ విద్యలో ఈ చుట్టుపక్కల అందరికీ గురువు గంగాధర్.

గంగాధర్‌ది పక్క పల్లె. తండ్రి పసుపు పండించేవాడు. గంగాధర్ ఇరవై రెండో ఏట దుబాయి వెళ్లాడు, ఆ తర్వాత సౌదీలో ఏసీ మెకానిక్‌గా స్థిరపడ్డాడు. గల్ఫ్ వీసా కోసం చేసే మెడికల్ పరీక్షకు ఐదుసార్లు వెళ్లి ఐదుసార్లూ పాసయ్యాడు. మా దగ్గర అది చిన్న ఘనత కాదు. వీసా చేతికొచ్చిన ప్రతివాడూ ఆయన గడప తొక్కేవాడు. బరువు తక్కువైతే డజను అరటిపళ్లు తిని పొమ్మనేవాడు. బీపీ ఉంటే వారం ఉప్పు మానమనేవాడు. షుగర్ అనుమానముంటే మూడు రోజులు కడుపు మాడ్చుకోమనేవాడు. మొహం మీదే "మెడికల్ గంగన్న" అని పిలిచేవాళ్లు. ఆయన మురిసిపోయేవాడు.

ముప్పై ఎనిమిదో ఏట సౌదీలోని దమ్మాంలో ఆయనకే షుగర్ వచ్చింది. అక్కడి క్లినిక్‌లో గోలీలు రాశారు. గోలీలు పెరుగుతూ పోయాయి, షుగర్ తగ్గలేదు. డెబ్బై నాలుగు కిలోల మనిషి మూడేళ్లలో యాభై ఆరుకు దిగాడు. ఇక్కడ భార్య కవితకు ఒకటే భయం, మొగుడు నోరు కట్టుకోవడం లేదని. రోజూ వీడియో కాల్‌లో పళ్లెం చూపించమనేది. అన్నం పిడికెడు దాటితే యుద్ధమే. పిడికెడే తిన్నా షుగర్ దిగకపోయేసరికి, "నాకు సూపెట్టేదొకటి, తినేదొకటి" అని ఏడ్చి ఫోన్ పెట్టేసేది. గంగాధర్ ఎదురు చెప్పేవాడు కాదు. రెండు రొట్టెలు తిన్నా తప్పు చేసినట్టే ఉండేదని తర్వాత నాతో అన్నాడు.

ఈసారి రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు కవితే ఆయన్ను జగిత్యాల తీసుకెళ్లి డాక్టర్ హుమేరాకు చూపించింది. డాక్టర్ ఆయన బొమికలు చూసి, పాత చీటీలు చూసి, రెండు రక్తపరీక్షలు రాసింది. "మీ ఒంటిని చూస్తే ఇది అందరికొచ్చే షుగర్ లెక్క లేదు. ఎప్పటి లెక్కనే తినుండ్రి. కడుపు నిండ తిన్నంక రెండు గంటలకు రక్తమియ్యుండ్రి" అని రెండుసార్లు చెప్పింది.

గంగాధర్ చెవికి అదేమీ ఎక్కలేదు. ఇరవై రోజుల్లో విమానం ఎక్కకపోతే వీసా పోతుంది. రిపోర్టు చెడితే ఇన్సులిన్ సూది రాస్తారు. సూది మీదున్న మనిషిని కంపెనీ ఉంచుకోదు. ఆయన తలలో ఉన్నది ఇంతే. అందుకని పదిమందికి నేర్పిన విద్యనే తన మీద ప్రయోగించుకున్నాడు. మూడు రోజులు మెంతినీళ్లు, గోలీలు రెండింతలు. అన్నం తాను పొలం దగ్గర తింటానని కవితకు చెప్పి, టిఫిన్ పట్టుకెళ్లి కుక్కలకు పెట్టాడు.

గురువారం పొద్దున నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం తినొచ్చినవ్ అన్నా?" అన్నాను.

"ఇడ్లీ" అన్నాడు, నా మొహం చూడకుండా.

రక్తం తీశాను. చెయ్యి చల్లగా ఉంది. ఊపిరి బరువుగా, లోతుగా లాగుతున్నాడు. ఆ ఊపిరిలో మగ్గిపోయిన జామపండు వాసన. నాకెందుకో భయమేసి వేలు పొడిచి మిషన్ మీద షుగర్ చూశాను. రెండు వందల పన్నెండు.

"సూసినవా? మున్నూట ఎనబై ఉండె! దింపిన" అని నవ్వాడు. నవ్వుతూనే నా బకెట్‌లోకి కక్కుకున్నాడు. పచ్చని నీళ్లు తప్ప మెతుకు లేదు.

"ఇడ్లీ ఏదే? ఎన్ని రోజులైంది తినక?" అని అరిచాను. మూడు వేళ్లు చూపించాడు. మూత్రంలో పరీక్ష పట్టీ ముంచితే ఊదారంగులోకి తిరిగింది. ఒంట్లో ఇన్సులిన్ లేక కొవ్వు కరిగి, రక్తం విషమవుతోందన్నమాట. ఇక మాటలు పెట్టుకోలేదు. పక్క షాపు బషీర్ కారు తీశాడు. జగిత్యాల చేరేసరికి గంగాధర్‌కు తెలివి సరిగా లేదు.

మూడు రోజులు సెలైన్, ఇన్సులిన్ ఎక్కిస్తే మనిషయ్యాడు. రిపోర్టులు నాకొచ్చాయి. ఉండబట్టలేక నేనే పట్టుకెళ్లాను.

డాక్టర్ మంచం పక్కన కూర్చుని చెప్పింది. "ఒంట్ల ఇన్సులిన్ తయారైనప్పుడల్ల దాని ఎంబడి సి-పెప్టైడ్ అని ఒక చిన్న ముక్క రక్తంలకు వస్తది. అదెంతుంటే ఇన్సులిన్ అంత ఉన్నట్టు. మీకు దాదాపు లేదు. కానీ ఉపాసముంటే అది ఎట్లైనా తగ్గుతది, అందుకే మళ్ల చెయ్యాలె. ఇగ ఈ రెండోది జీఏడీ యాంటీబాడీ. పది దాటొద్దు. మీకు రెండు వందల యాబై మీదున్నది. నెల రోజులు ఉపాసమున్నా ఇది మారదు. రోగాలతోటి కొట్లాడవలసిన మీ రక్తమే, ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడ్డది."

"అంటే పాసా, ఫెయిలా మేడం?" అన్నాడు గంగాధర్. నాకు కొట్టాలనిపించింది.

"పాసు, ఫెయిలు లేదు. సూది వేసుకుంటే మంచిగ బతుకుతరు. లేకుంటే బతకరు. ఇది తిండితోని రాలే, తిండి మానితే పోదు."

ఆ ఆఖరి మాట విని, గోడకు ఆనుకుని నిలబడ్డ కవిత అలాగే కింద కూర్చుండిపోయింది.

మళ్లీ చేయాల్సిన పరీక్ష, కాకతాళీయంగా, ఆయన విమానం ఎక్కాల్సిన రోజునే పడింది. మధ్యాహ్నం ఇద్దరూ టిఫిన్‌తో నా ల్యాబుకు వచ్చారు. తినడం నా కళ్లముందే జరగాలని నేను పట్టుబట్టాను, ఈయన్ను నమ్మేదెవరు? పొద్దుటి సూది ఇంట్లోనే వేసుకొచ్చాడు. కూర్చోగానే వీసా ఏజెంటు ఫోన్ చేశాడు.

"నేను వస్తలేను" అన్నాడు గంగాధర్. "సూది మీదున్న. ఇంకో కంపెనీ ఉంటే చూడు. సూది సంగతి ముందే చెప్పు, దాచిపెట్టి మాత్రం రాను." ఫోన్ పెట్టేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. పందొమ్మిదేళ్ల నౌకరీ అది. ఆయన మీద నా కోపం అప్పుడే పోయింది.

కవిత అన్నం, పప్పు వడ్డించింది. ఆయన నాలుగు ముద్దలు తిని అలవాటుగా పళ్లెం పక్కకు జరిపాడు. ఆమె మళ్లీ ముందుకు జరిపింది.

"నువ్వు ఆకలితోని సస్తున్నవని నాకెరుక లేకపాయె" అంది. "దొంగతిండి తింటున్నవని తిట్టిన. బువ్వ గుంజుకున్నది నేనే గదా, మూడేండ్లు."

"ఊకో. నేను గూడ నాదే తప్పనుకున్న" అన్నాడు.

కాసేపటికి ఖాళీ పళ్లెం ఆమె వైపు చాపాడు. "ఇంకింత పెట్టు కవితా. ఆకలైతంది."