రెండో వరస నత్తలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నవాడికి సాధారణంగా ఉండదు కూడా. నాకేదైనా తెలియలేదంటే అది ఇంకా లోకానికే తెలియలేదని, నా చేత కనిపెట్టించుకోవడానికి ఓపిగ్గా కూర్చుని ఉందని అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లల మొహాల్లో ఆ ధీమా కనబడితే నాకు కోపం రాదు. మా అత్త గుర్తొస్తుంది.

మా మేనత్తది యానాంలో ఫరంపేట. ఆ ఏడు వానలకి ఊరి మీద ఆఫ్రికా నత్తలు పడ్డాయి. చేలల్లో దొరికే చిన్నా చితకా గుల్లలు కావు, ఒక్కొక్కటి పిడికిలంత. ఎవరి నర్సరీ మొక్కలతో దిగాయో గానీ, తెల్లారేసరికి ప్రహరీగోడల మీద, బొప్పాయి చెట్ల మీద, బంతి మొక్కల మీద అవే. జనం ఉప్పు చల్లుతుంటే, కాకినాడలో నాకు ప్రాజెక్టు చేయించే మాస్టారికి మాత్రం వాటిని బాతుల మేతగా వాడుకోవచ్చు కదా అని తోచింది. పెంకు గట్టిపడాలంటే నత్తకి సున్నం కావాలి. గుడ్డు పెంకుల పొడి పెడితే ఎలా ఎదుగుతుందో, పెట్టకపోతే ఎలా ఎదుగుతుందో పక్కపక్కన పెట్టి తేల్చడం నా పని. హాస్టల్లో నత్తలకి చోటు లేదనేసరికి టబ్బులు, దోమతెర గుడ్డ, చేతి తొడుగులు, చిన్న కాటా వేసుకుని అత్త ఇంట్లో దిగాను. మావయ్య పేపరు అడ్డం పెట్టుకుని నిట్టూర్చాడు. అవి వంటింటి గడప దాటకూడదని, అన్నం దగ్గర వాటి పేరెత్తకూడదని అత్త రెండు షరతులు పెట్టి, వెనక వరండా ఖాళీ చేసి ఇచ్చింది.

అత్త ఇంట్లో ఒక చట్టం ఉంది. ఒక వరసలో కూర్చున్నవాళ్ళకి వడ్డన ఒక్కలాగే జరగాలి. మావయ్యయినా, నేనైనా, గ్యాస్ బండ తెచ్చినాయనైనా సరే. చేప చిన్నదైతే ముక్కలు చిన్నవవుతాయి గానీ, ఒకరి కంచంలో పడి పక్కవాడి కంచంలో పడకపోవడమనేది ఉండదు. అది పంక్తిభేదమట. అంతకు మించిన పాపం లేదని ఆవిడ నమ్మకం. అలాంటి ఇంట్లో, ఆవిడ కళ్ళ ముందే, మొదటి వరస టబ్బుల్లో పెంకుల పొడి చల్లి డబ్బా మూత పెట్టేశాను.

"రెండో వరసకో?" అంది అత్త.

"వాటికి పెట్టకూడదత్తా. ప్రయోగమంటే అదే."

"అవేం పాపం చేశాయిరా?"

పోల్చి చూడటమంటే ఏమిటో, పోల్చకపోతే సైన్సుకి ఏమవుతుందో చేతులూపుతూ చాలాసేపు ఉపన్యసించాను. అత్త చివరిదాకా విని, చదువుకున్నోడివి నీకే తెలియాలి లెమ్మని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి అర్థమైపోయిందనుకున్నాను. (నా పాఠాల మీద నాకు అప్పుడంత గౌరవం ఉండేది.)

వారాలు గడుస్తున్నాయి, నేను తూస్తున్నాను. రెండు వరసలూ పోటీపడి సమానంగా ఎదుగుతున్నాయి. తేడా కనబడకపోతే నా ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. వానలు వెనకబడ్డాయంటే నత్తలు పెంకు మూతి బిగించుకుని మట్టిలో నిద్రకి పోతాయి, మళ్ళీ ఏడాది దాకా లేవవు. నాన్న అప్పటికే రొయ్యల చెరువు మీద నాకో పని మాట్లాడి ఉంచాడు. ఆ పనిలో తప్పేం లేదు, కానీ నాకు చదువంటే ప్రాణం. ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు ఎక్కడ పొరపాటు జరిగిందా అని వెతుక్కుంటాడు. నేను సిద్ధాంతం కట్టాను. ఇటు గోదావరి, అటు సముద్రం కలవడం వల్ల యానాం గాలిలోనే సున్నం ఉందని, దాన్ని నత్తలు ఒంటితో పీల్చుకుంటున్నాయని. దానికి మా ఇంటిపేరు కూడా పెట్టేసుకుని, మాస్టారికి ఫోన్ చేసి కొత్త సంగతి కనిపెట్టానని చెప్పాను. ఆయన రేపొస్తున్నానని పెట్టేశారు.

వచ్చారు. నా సిద్ధాంతం మొత్తం నిలబడి విన్నారు. వింటూనే తొడుగు వేసుకుని, రెండో వరస టబ్బులో వేలు పెట్టి రాసి చూశారు. వేలికి తెల్లగా పొడి అంటింది.

"ఇదేంటోయ్?"

గాలిలోంచి అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆగిపోయాను. కొత్త సంగతి కోసం నేనే దొంగతనంగా పొడి చల్లానని ఆయన అనుకుంటున్నట్టు అర్థమైంది. సరిగ్గా అప్పుడు కాఫీ పట్టుకుని అత్త వచ్చింది.

"అది నేనే పెట్టేనండి. మావోడు చిన్నోడు, ఆడికి తెలీదు. ఒక వరసకి పెట్టి పక్క వరస కడుపు మాడ్చొచ్చా అండి? నోరు లేని జీవాలు."

(నత్త నోట్లో వేల పళ్ళుంటాయని చెప్పడానికి అది సమయం కాదు.) డబ్బాలో పొడి కూడా నేను తూకం చూసుకుంటానని తెలుసు కాబట్టి ఆవిడ నా డబ్బా ముట్టుకోలేదట. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు గోదావరి గట్టు మీద ఆమ్లెట్ బండి దగ్గర పెంకులు అడిగి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచి, మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళ రెండో వరసకి వడ్డిస్తోందట. నా డిగ్రీ పోయిందత్తా అన్నాను. అంతవరకూ ధీమాగా ఉన్న మనిషి గోడకి చేరబడిపోయింది.

"నీ చదువు పోద్దేంట్రా?" అంది మెల్లగా.

అత్త భయపడటం నేను చూడటం అదే మొదలు. నాకు వచ్చిన కోపం కాస్తా ఎక్కడికి పోయిందో తెలియలేదు. మాస్టారు మా ఇద్దర్నీ చూసి, ముందు భోజనం పెట్టండమ్మా అన్నారు. మావయ్యా, మాస్టారూ, నేనూ వరసగా కూర్చున్నాం. ఆయన మా మూడు కంచాల్నీ మార్చి మార్చి చూసి, సగం అన్నంలో చెయ్యాపి అడిగారు.

"వరస ఒకటైతేనే కదమ్మా పంక్తి. ఆ రెండో వరసని మేడ మీద రేకుల కింద పెడితేనో?"

అత్త గరిట పట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఆయ్, అప్పుడది వేరే పంక్తేనండి, దోషం లేదు. కానీ నేను మాత్రం మేడెక్కనండి. చూత్తే ఊరుకోలేను."

పక్కనే మెట్టకూరు తోటల్లో పిల్ల నత్తల్ని ఏరుకొచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. మాస్టారు నా గడువు పెంచారు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. అత్త మాట మీద నిలబడింది. ఆ వానాకాలమంతా మేడ మీద బట్టలారేయడం, వాన పడితే పరిగెత్తి తీయడం, వాననీళ్ళ గొట్టంలో ఆకులు తీయడం నా పనే అయింది. ఆ ఏడు వానలు కూడా దయతలచి ఆలస్యంగా వెళ్ళాయి. ఇవాళ నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే అది వీళ్ళందరి చలవే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

చివరి తూకం అయిన సాయంత్రం మెట్లు దిగుతూనే అత్తకి చెప్పాను. పైవాటి పెంకులు అప్పడంలా విరుగుతున్నాయని, తేడా బ్రహ్మాండంగా వచ్చిందని, డిగ్రీ గట్టెక్కిందని. ఆవిడ నా తల నిమిరి, చేతులు తుడుచుకుంది.

"అయితే ఇంక వాటితో నీకు పని లేదు కదా?"

లేదన్నాను. ఊళ్ళో వదిలితే మళ్ళీ పంటల మీద పడతాయి, పొద్దున్నే ఉప్పునీళ్ళలో వేసెయ్యాలని ఆవిడకి ముందే చెప్పి ఉన్నాను. అత్త రోటి దగ్గరికి వెళ్ళి గిన్నెలోకి పొడి ఎత్తుకుంది.

"రేపెలాగూ పోయేవే. ఇయ్యాల తిననీ."

చినుకులు పడుతున్నాయి. ఆ వానాకాలంలో మొదటిసారి అత్త మేడెక్కింది. ఉపన్యాసమేమీ ఇవ్వకుండా వెనకాలే గొడుగు పట్టుకుని వెళ్ళాను. అంతటి మూర్ఖుడికి ఆ పూటకి అంత బుద్ధి ఎలా పుట్టిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.