మొత్తం తప్పే అన్నాను

ఒక మనిషి అద్భుతంగా సాక్సఫోన్ వాయించాడు. అది ఎంత గొప్పదో ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. శ్రుతి తప్పిందని చెప్పాను. తెలిసే చెప్పాను.

ఇదీ నేను చేసింది. ఏళ్ల తరబడి మోశాను, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. ధైర్యం కాదిది. ముసలితనం, అంతే.

సూర్యాపేటలో నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. చదువు ఏడో తరగతితో ఆగింది. బాగుచేసిన సెట్టు పలుకుతుందో లేదోనని షార్ట్‌వేవ్ తిప్పుతుంటే ఒకరోజు జాజ్ తగిలింది. దాని పేరు జాజ్ అని కూడా అప్పుడు తెలియదు. ఒక సాక్సఫోన్ మామూలు పాటను పట్టుకుని, దాన్ని పోగుపోగుగా విప్పి, ఎటో వెళ్లిపోయి, ఇక తిరిగి రాదనుకున్నప్పుడు సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వచ్చి వాలింది. చేతిలోని సోల్డరింగ్ కడ్డీ బల్లను కాల్చి పొగ లేచేదాకా నాకు సోయి లేదు.

తర్వాత మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు ఒకాయన పరిచయమయ్యారు. ఆయన దగ్గర క్యాసెట్లుండేవి. అట్టల మీది ఇంగ్లీషును డిక్షనరీ పెట్టుకుని చదివాను. బాకా ఎవరిది, పియానో ఎవరిది, ఒకరు తప్పుకుని ఇంకొకరికి దారి ఎలా ఇస్తారు, అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. మన మృదంగం పక్కన వాళ్ల గిటారు కూర్చున్న ఫ్యూజన్ కచేరీలను టేపు అరిగేదాకా విన్నాను. ఇప్పుడు ఫోన్లో అర నిమిషం ముక్క చూసి దండం బొమ్మ పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో న్యాయమెంత, అహంకారమెంత? అప్పుడూ ఇంతేనా నేను? ఊళ్లో నన్ను మ్యూజిక్ సారు అనేవాళ్లు. చిలుకూరులో భూములున్న ఇంట్లో పుట్టి, చదువు అబ్బక స్క్రూడ్రైవర్ పట్టినవాడికి ఆ పిలుపు ఎంత తీపిగా ఉంటుందో మీకెలా చెప్పను?

మిర్యాలగూడలో మా చుట్టాల పెళ్లి. కోదాడ బ్యాండు వచ్చింది. అందులో సాక్సఫోన్ దేవదానం. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం వాళ్లది. వినయం గినయం లేని మనిషి. మీసానికి రంగేసుకుని, ఎర్ర కోటు గుండీలు విప్పుకుని, తాను ఊదితే పెళ్లికొడుకు కూడా పెళ్లికూతుర్ని మరిచి తననే చూడాలని పెళ్లివాళ్ల మొహం మీదే అనేవాడు.

సాయంత్రం బరాత్ ఊరేగింపు రైస్‌మిల్లు ముందుకు రాగానే జనరేటరు ఆగింది. పాటగాడి మైకు పోయింది. డ్రమ్ములు చల్లబడ్డాయి. దేవదానం మాత్రం ఆపలేదు. అందరికీ తెలిసిన సినిమా పాటే. దాని చివరి స్వరాన్ని పట్టుకుని వదల్లేదు. కిందికి వంచాడు, నిలబెట్టాడు, మళ్లీ వంచాడు. సైడ్‌డ్రమ్ము అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. తాళానికి కాసేపు ముందు, కాసేపు వెనక నడుస్తూ, ఎక్కడా తూలకుండా, ఆ పాటను ముక్కలు చేసి అవే ముక్కలతో ఇంకో పాట కట్టాడు. నా క్యాసెట్లు అతను వినలేదు. ఆ మహానుభావుల పేర్లు కూడా అతనికి తెలియవు.

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ వెంటనే కుళ్లు మొదలైంది. ఎక్కడో సముద్రాల అవతల ఉందనుకుని నేను దండం పెట్టుకున్న విద్య, ఈ మూడూళ్లలో నా ఒక్కడికే తెలుసని మురిసిపోయిన విద్య, చెమట కంపు కొట్టే కోటు వేసుకుని నడిరోడ్డు మీద నిలబడి ఉంది. ఇతను ఆ మహానుభావుల వరస మనిషైతే, ఇన్నేళ్లు విన్న నేనెవర్ని?

నేను పిలిస్తే పెళ్లికొచ్చిన ఇంజనీరు గారు నా పక్కనే ఉన్నారు. ఫ్యాక్టరీ కాలనీకి హైదరాబాదు నుంచి ఒక ఫ్యూజన్ బృందాన్ని పిలిపిస్తున్నారు. వాళ్లతో కలిసి వాయించడానికి ఇక్కడివాడు ఒకడు కావాలని చూస్తున్నారు.

"ఈయన్ని మన ప్రోగ్రాంలో కూర్చోబెడదామా మాస్టారూ? నాకైతే బాగుందనిపిస్తోంది. మీరు ఊఁ అంటే ఊఁ."

"శ్రుతి తప్పుతున్నాడండీ," అన్నాను. గట్టిగానే అన్నాను.

దేవదానం విన్నాడు. సాక్సఫోన్ నోటినుంచి తీసి దగ్గరికి వచ్చాడు.

"యాడ తప్పిన సారూ? జర సెప్పుండ్రి, దిద్దుకుంట."

వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"ఎక్కడని చెప్పను? మొత్తం తప్పే."

మావాళ్లు పగలబడి నవ్వారు. కులం మాట నేను ఎత్తలేదు. ఎత్తనవసరం లేకపోయింది, ఆ నవ్వులోనే ఉంది. అది ఉంటుందని నాకు ముందే తెలుసు. తెలిసే కదా అంత గట్టిగా అన్నాను?

మ్యూజిక్ సారు తీర్పు బ్యాండు యజమాని దాకా పోయింది. సాక్సఫోన్ బ్యాండుది, దేవదానం సొంతం కాదు. దాన్ని ఇంకొకరికిచ్చి, అతని చేతిలో కంచు తాళాలు పెట్టారట. తాళాలు కొట్టుకుంటూ వెనక నడిచే మనిషి కాదతను. బ్యాండు మానేసి లారీల మీద పనికి పోయాడు.

ఫ్యూజన్ కచేరీ జరిగింది. ముందు వరసలో కూర్చున్నాను. బాగా వాయించారు, అబద్ధమెందుకు? ఒకచోట గిటారు ఆగి, మృదంగం నెమ్మదిగా నడుస్తూ ఎవరికోసమో చోటు విడిచిపెట్టింది. ఆ చోట దేవదానం వచ్చేవాడు. ఎలా వచ్చేవాడో నాకు లోపల వినపడింది కూడా. తల ఊపుతూ కూర్చున్నాను. నేను తల ఊపడం చూసి ఇంజనీరు గారు మురిసిపోయారు.

ఆ తర్వాత ఏ క్యాసెట్టు పెట్టినా, ఎంత గొప్పవాడు వాయించినా, సాక్సఫోన్ రాగానే ఆపేసేవాణ్ని. నా విద్య నాకు లేకుండా పోయింది. పోనీ, అది శిక్ష అనుకుందామా? తేలికైన శిక్ష. నాకు నేనే వేసుకున్నది.

మొన్న కోదాడ వెళ్లి వెతికాను. బైపాసు దగ్గర చాయ్ హోటల్లో దొరికాడు. మీసం తెల్లబడింది. ముందు పళ్లు లేవు, ఆ నోటితో ఇక సాక్సఫోన్ పట్టలేడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. శ్రుతి తప్పలేదని, అలాంటిది ఎదురుగా మళ్లీ వినలేదని, కుళ్లుతో అన్నానని. చెప్పాక ఛాతీ మీద బరువు కొంచెం జరిగింది. అది నిజం, కాదనను. క్షమించమని అడగలేదు. అడగడానికి మొహమెక్కడిది? తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"శ్రుతి తప్పలేదని నాకు గా దినమే ఎరుక. నీకే సెవి లేదనుకున్న సారూ. సెవి లేనోని మీద కోపమేందని ఇన్నేండ్లు ఊకున్న. గిప్పుడొచ్చి సెవి ఉన్నదంటున్నవ్."