బుడ్డి కరవలేదు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియకూడదు, అందుకే మీకు చెబుతున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేదా? ముందే ఒక సంగతి. చదివి నా మీద జాలిపడకండి. పాపం, ఎంత బాధపడుతున్నాడో అని అసలే అనకండి. జాలిపడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. ఆ మనుషుల పేర్లు మార్చి రాస్తున్నాను, కుక్కల పేర్లు మార్చలేదు.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయిలో సర్దారును. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి వెళ్లి, ఇనుప పొన్ను వేసిన కర్రతో నెత్తిమీది బండ కప్పును తట్టి చూస్తాను. గట్టి బండ ఖంగుమంటుంది. పొరలు విడిన బండ డొల్లగా మోగుతుంది. బాగుంటే సుద్దముక్కతో గుర్తు పెడతాను. ఆ గుర్తు చూసి మనుషులు ఆ కప్పు కిందికి వస్తారు. నన్ను ఎవరూ రెండోసారి అడగరు. అది నా మీద గౌరవం అనుకోకండి, బాయిలో అలవాటు. అడుగడుక్కీ అనుమానపడితే అక్కడ ఎవడూ ఒక్క తట్ట బొగ్గు తియ్యలేడు. ఆ అలవాటును నేను బాయి బయట, పిల్లలు ఆడుకునే చోట వాడుకున్నాను. ఇదే నేను చేసిన తప్పు. అది ఎలా జరిగిందో చెబుతాను.

మా క్వార్టర్ల వెనక ఒక గ్రౌండు ఉంది. ప్రహరీ సగం కూలింది, ఒక మూల పాడుబడ్డ పంపు రూము. సాయంత్రం అయిదయిందంటే కాలనీలో కుక్కలున్న వాళ్లంతా పిల్లల్ని, కుక్కల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చి గొలుసులు విప్పేసేవాళ్లు. రెండు గదుల క్వార్టర్లో కుక్క ఎక్కడ ఉరుకుతుంది? పిల్లలు దానికి కుక్కల గ్రౌండని పేరు పెట్టారు. బంతి విసిరితే కుక్కలూ పిల్లలూ ఒకటే పరుగు. మేము పెద్దవాళ్లం గోడ మీద కూర్చుని డ్యూటీ ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. నిజానికి నా జీవితంలో అవి మంచి సాయంత్రాలు.

మా కుక్క టైగర్. మా బిడ్డ స్రవంతి ఏడ్చి తెప్పించుకుంది. అప్పుడు స్రవంతికి పదేళ్లు. నేను ఆ కుక్కను కొట్టేవాణ్ని. ఇది కూడా ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డ్యూటీలో ఎవరితోనైనా మాట పడ్డ రోజు గొలుసు రెండు మడతలు వేసి కొట్టేవాణ్ని. అది నేల మీద బోర్లా పడి ఉచ్చ పోసుకునేది. స్రవంతి గోడకు తిరిగి నిలబడేది. నేను మాత్రం, పెళ్లాం మీద గానీ బిడ్డ మీద గానీ ఏనాడూ చెయ్యెత్తలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. చూశారా, ఎంత మంచివాణ్నో!

ఆ గ్రౌండుకు యోహాను కాక కూడా వచ్చేవాడు. బాయిలో ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. ఆయన వెంట ఎప్పుడూ ఒక ఊరకుక్క ఉండేది. నల్లది, బక్కది, ఒక చెవి చిరిగి ఉండేది. ఆయన దాన్ని బుడ్డి అనేవాడు. వెనక నుంచి బండి వస్తే బుడ్డి ఆయన లుంగీ పట్టి పక్కకు లాగేది. ఎవరైనా పిలిస్తే మోకాలికి మూతితో పొడిచేది. దానికి ఎవరూ నేర్పలేదు. కాక గేటు దగ్గర బల్ల మీద కూర్చుని బిస్కెట్లు తుంచి, చూడకుండానే చెయ్యి కిందికి చాపేవాడు. అది వచ్చి తినేది.

ఆ రోజు పొద్దున బాయిలో ఒక చోట కప్పు డొల్లగా మోగిందని పని ఆపించాను. నేను చేసింది సరైన పనే. షిఫ్టు దిగి పైకి వచ్చాక ఇంకో సర్దారు పదిమందిలో, కప్పు చూస్తేనే వీనికి చెమటలు పడతాయని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తలలో పెట్టుకునే సాయంత్రం గ్రౌండుకు వెళ్లాను. ఒక చేతిలో గొలుసు, ఒక చేతిలో నా పొన్నుకర్ర.

టైగర్‌ను పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. గోడ మీద కూర్చున్న వాళ్లలో ఎవరో, సర్దారు మాట కుక్క కూడా ఇంటలేదని నవ్వారు. అంతే. పంపు రూము వెనక్కి వెళ్లి చూస్తే టైగర్ అక్కడ పడుకుని ఉంది. పక్కన స్రవంతి. ఇంకో పక్క పింకీ, టైగర్ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి. పింకీ రమేశ్ కూతురు. అయిదేళ్లది. రమేశ్ నేను గుర్తు పెట్టిన కప్పు కిందే రోజూ పని చేసేవాడు, నన్ను సొంత అన్నలా చూసేవాడు. ఆ పిల్ల చేతులు కుక్క మెడ మీద ఉన్నాయని నేను చూడలేదా? చూశాను. చూసే గొలుసు ఎత్తాను. ఒకటి, రెండు. రెండో దెబ్బకు టైగర్ పిచ్చిదానిలా గిరుక్కున తిరిగింది. దాని నోటికి అందింది నేను కాదు, పింకీ బుగ్గ.

ఆ పిల్ల అరుపు ఇప్పటికీ వినబడుతుంది. టైగర్ ఇంటివైపు పారిపోయింది. అరుపు విని ముందుగా వచ్చింది మనిషి కాదు, బుడ్డి. అది పింకీ దగ్గరికి వెళ్లి మొహం మీది రక్తం నాకసాగింది. అప్పుడు రమేశ్ వచ్చాడు.

“అన్నా, గిదేనా? నువ్వు సూసినవా?”

బుడ్డి మూతికంతా రక్తం. నేను ఎంతసేపు ఆలోచించి ఉంటాను? ఒక్క ఊపిరి. కుక్క మాదని ఒప్పుకుంటే అది ఎందుకు కరిచిందో కూడా చెప్పాలి. గొలుసు నా చేతిలోనే ఉంది.

“గిదే,” అన్నాను.

రమేశ్ రెండోసారి అడగలేదు.

అప్పుడు స్రవంతి నోరు తెరిచింది. “బాపూ, గది గాదు, టై...” అంటుండగానే నేను కర్ర ఎత్తి బుడ్డి నడుము మీద వేశాను. వినండి, అన్నిటికంటే నీచమైంది ఇదే. కోపంతో కొట్టలేదు. పిల్ల మాట ఎవరికీ వినబడకూడదని కొట్టాను. బుడ్డి పారిపోలేదు. నడుము ఈడ్చుకుంటూ, తోక ఆడిస్తూ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. రెండోది తల మీద వేశాను. పొన్ను దిగబడింది, లాగితే గానీ రాలేదు. తర్వాత రమేశ్ ఇటుక ఎత్తాడు. ఇంకెవరో బ్యాటు తెచ్చారు. ఒక కన్ను బయటికి వచ్చినా అది కాళ్లు కొట్టుకుంటూనే ఉంది. పిల్లలంతా ఎవరి కుక్కను వాళ్లు కావలించుకుని చూస్తున్నారు. చాలాసేపు పట్టింది.

కాక ముప్పై అడుగుల దూరంలో, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. బిస్కెట్ తుంచి చెయ్యి కిందికి చాపాడు. చెయ్యి అలాగే గాలిలో తడుముతోంది. ఏ మూతీ తగలకపోయేసరికి కిందికి చూశాడు, తర్వాత వెనక్కి తిరిగాడు. వచ్చి, బుగ్గ పట్టుకుని ఏడుస్తున్న పింకీని చూసి, బుడ్డిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. అంగీ అంతా రక్తమైంది. ఎవరినీ తిట్టలేదు. నా వైపే చూసి, “గిది కరువది బిడ్డా. పోరగాండ్లను కరువది గిది,” అన్నాడు. నేను తల దించుకుని పొన్నును గడ్డికి తుడుచుకున్నాను.

ఇంటికి వెళ్లాక స్రవంతిని గదిలోకి పిలిచి ఏమన్నానో తెలుసా? “ఎవలకన్న చెప్పినవంటే టైగర్‌ను గుడ గట్లనే సంపుతరు.” పదేళ్ల పిల్లతో. ఆ పిల్ల తన కుక్క ప్రాణం కోసం నోరు మూసుకుంది. కుక్కల గ్రౌండుకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

తప్పు అక్కడితో ఆగినా బాగుండేది. దవాఖానలో డాక్టరు పింకీకి కుక్కకాటు సూదులు మొదలుపెట్టి, కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడమన్నాడట. పది రోజులు అది బాగుంటే ఫికర్ లేదట. సంపేసినం సార్ అన్నాడట రమేశ్. ఇక ఎలా తెలుస్తుంది? ఆ పది రోజులు వాళ్ల ఇల్లు ఇల్లులా లేదు. పింకీ నీళ్ల గ్లాసు ఎత్తిన ప్రతిసారీ తల్లీ తండ్రీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు, తాగుతుందా, భయపడుతుందా అని. నేను వెళ్లి కూర్చుని చూసేవాణ్ని. ఏం కాదు తమ్మీ అని భుజం తట్టేవాణ్ని. ఇంటికి వచ్చి చూస్తే టైగర్ గిన్నె నాకుతూ తోక ఊపేది. పిచ్చి రాకుండా సూదులన్నీ వేయించిన కుక్క. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, పది రోజులూ దాన్ని నేనే చూశాను. కరిచింది మా కుక్క, అది మంచిగ ఉందని ఒక్క మాటంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అనలేదు. ఛీ, ఏం మనిషిని!

పింకీకి ఏం కాలేదు. బుగ్గ మీద గాటు మిగిలింది. టైగర్‌ను జైపూర్ దగ్గర మా బావమరిది పొలానికి పంపించాను. అక్కడే ముసలిదయ్యి చచ్చిపోయింది. ఆ రోజు తర్వాత దాని మీద నేను చెయ్యి వెయ్యలేదు. దాన్ని నా ఖాతాలో మంచితనంగా రాసుకోకండి, దాన్ని చూస్తేనే నాకు భయమేసేది.

కాక దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆయన వాకిట్లో కూర్చున్నాడు. అటుపక్క క్వార్టర్ వాళ్లు బట్టలు ఆరేస్తున్నారు. నేను మెల్లగా చెప్పాను. అంతా చెప్పాను. కాక చెయ్యి చెవికి ఆనించి, “జర గట్టిగ చెప్పు బిడ్డా, ఇనవడ్తలేదు,” అన్నాడు. ఆయనకు వినబడేలా చెప్పాలంటే కాలనీ అంతా వినేలా అరవాలి. “మంచిగున్నవా అంటున్న కాకా!” అని అరిచాను. రెండోసారీ అంతే. ఇప్పుడు ఆయన రోడ్డు మీద నాలుగడుగులు వేసి ఆగుతాడు, వెనక్కి తిరిగి చూస్తాడు, మళ్లీ నాలుగడుగులు వేస్తాడు. కొట్టుకు పోయి రావడానికి గంట పడుతుంది.

మొన్న చలికాలం రక్షణ వారోత్సవాల సభలో నాకు ఉత్తమ సర్దారని శాలువా కప్పారు. రమేశ్ మైకు పట్టుకున్నాడు. “మా అన్న పోండ్రి అన్నడంటే కండ్లు మూసుకొని పోతం. గిన్నేండ్లల్ల ఆయన మాట ఒక్కసారి గుడ తప్పలే,” అన్నాడు. ముందు వరసలో పింకీ చప్పట్లు కొట్టింది. పదిహేడేళ్లది. నన్ను పెద్దబాపు అంటుంది. తనను కరిచిన కుక్కను పెద్దబాపు చంపిండని దోస్తులకు గొప్పగా చెబుతుంది. కుక్క ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకు పోతుంది. నేను శాలువాలో చెమటలు కక్కాను.

ఇంటికి వచ్చాక స్రవంతి ఆ శాలువా మడత పెడుతూ, నా మొహం చూడకుండా అడిగింది. “పింకీకి ఎప్పుడు చెప్తవ్ బాపూ?” పన్నెండేళ్లలో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. నేను వినబడనట్టు టీవీ సౌండు పెంచాను. బిడ్డ మడత పూర్తిచేసి లోపలికి వెళ్లింది.

రాయడం మొదలుపెట్టి ఇది నాలుగో రోజు. క్షమించమని ఎవరిని అడగను? కర్రతో కొట్టినా తోక ఊపిన దాన్ని అడగనా? క్షమాపణ నాకు రాదు, రావాల్సిన పని కూడా లేదు. కానీ గొంతులోది కాగితం మీద పడింది. ఇవాళ అన్నం దిగింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, కొంచెం తేలిగ్గా ఉంది.

ఇంకొక్కటి దాచాను, అదీ చెప్పేస్తాను. కాకకు వినబడదు, అందుకే చెప్పలేకపోయానని పైన రాశాను కదా. అబద్ధం. కాక రోజూ పొద్దున వాకిట్లో లావు కళ్లద్దాలు పెట్టుకుని, వరస కింద వేలు ఆనించి బైబిల్ చదువుతాడు. ఫస్ట్ షిఫ్టుకు పోతూ పన్నెండేళ్లుగా చూస్తున్నాను. కాగితం ముక్క చేతిలో పెడితే చాలని నాకు మొదటి నుంచీ తెలుసు. అందుకే ఈ ఆఖరి పేజీ వేరే కాగితం మీద, వరసకు రెండే మాటలు పట్టేంత పెద్ద అక్షరాలతో, మేమిద్దరం మాట్లాడుకునే యాసలోనే రాస్తున్నాను.

కాకా, బుడ్డి కరువలే. కరిచింది మా టైగర్. నేను గొలుసుతోని కొడితె కరిచింది. బుడ్డిని ముందుగాల కొట్టింది నేనే. నువ్వు చెప్పింది నిజం. బుడ్డి కరువలే.