తెలుగు మరిచిన కౌబాయ్

చిన్నప్పటి కౌబాయ్ హీరో మళ్లీ రంగుల కామిక్స్‌లో వచ్చాడంటే, పొద్దున ఇక్కడ తమిళనాట మా ఆర్.ఎస్. పురంలో ఆ తమిళ పుస్తకం కొన్నాను. అభిమానుల వాట్సాప్ గ్రూపులో అప్పటికే గుర్రం రంగు తప్పని తగవు. ఏ రంగైతేనేం?

మా నాయన ఆ తమిళ కథలను అప్పటికప్పుడు తెలుగు చేసి చదివేవాడు. పదేళ్లొచ్చేదాకా కౌబాయ్‌లది మా ఇంటి భాషే అనుకున్నాను. సాయంత్రం మా పాపకూ అలాగే చదవబోయాను.

"అప్పా, తమిళ్‌లోనే చదువుప్పా. ఇట్ల చదివితే వాడు అవ్వ మాదిరి మాట్లాడతాడు," అంది.

తమిళంలో చదివితే బుద్ధిగా వింది. మా నాయన ఆ హీరోకిచ్చిన గొంతు మా ఇంట్లో ఇవాళ్టితో ఆగిపోయింది. గ్రూపులో మాత్రం గుర్రం గొడవ ఇంకా నడుస్తోంది.

మీ ఇంట్లో హీరో ఇంకా తెలుగు మాట్లాడుతున్నాడా?