బీరువా మీది కాక్‌పిట్

నా బీరువా మీద మా కోడలు విమానం అంటించింది. అబద్ధం కాదు. రెండు తలుపులూ కలిపి, పైనుంచి కిందిదాకా కాక్‌పిట్ బొమ్మ. మీటలు, గడియారాలు, దీపాలు, అన్నీ కాగితమే. తలుపు తెరిస్తే చిరుగుతుందని నా చీరలు లోపల, నేను బయట. "ఒక్క నెల ఓర్చుకోండి అత్తయ్యా" అంది. నెల కాస్తా మూడయింది. ఓర్చుకోవడం నా ఒంట్లోనే లేదు, అయినా దండెం మీదున్న నాలుగు చీరలే ఉతుక్కుని కట్టుకుంటూ నెట్టుకొచ్చాను.

నేను ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా కోడలు పదకొండేళ్ళు పొలాల మీద మందు చల్లే చిన్న విమానం నడిపింది. దానికి ఒకటే సీటు. చెట్ల తలలు తగిలేంత కిందికి దిగి, మందు చల్లి, కరెంటు తీగలు తప్పించుకుని లేవాలి. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. ముప్పై ఎనిమిదో ఏట ప్రయాణికుల విమానాల కంపెనీ పిలిచింది. పిలిచినంత మాత్రాన ఉద్యోగం చేతికొచ్చినట్టు కాదు. ముందు గ్రౌండ్ స్కూలు, అంటే తరగతి గదిలో పాఠాలూ పరీక్షలూ. తర్వాత సిమ్యులేటరు, అంటే నేల మీదే ఉండి ఆకాశంలో ఉన్నట్టు ఊగే గది. అందులో చివర్న ఒక పరీక్ష. తప్పితే ఇంటికి పంపేస్తారు. పాత ఉద్యోగం వదిలేసింది, ఈ వయసులో మళ్ళీ పిలిచేవాళ్ళు లేరు. "నడపకపోతే నేనేం చెయ్యనత్తయ్యా? నాకు ఇంకేం వచ్చని?" అంది ఒకసారి. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

గ్రౌండ్ స్కూలుకు ముందు నెలంతా, పొద్దున్నే కాఫీ కాగానే బీరువా ముందు రెండు కుర్చీలు పడేవి. ఒకదాంట్లో తను, రెండోదాంట్లో చెక్‌లిస్టు పట్టుకుని నేను. నేను ఒక్కో లైనూ చదవాలి, తను ఆ మీట ముట్టుకుని జవాబు చెప్పాలి. అసలైతే మా వాడు కూర్చోవలసిన కుర్చీ అది. వాడు రెండో లైనుకే ఆవులిస్తాడు, అచ్చం తండ్రి పోలిక.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అమ్మాయికి అంతా కంఠతా వచ్చు. కానీ నేను నోరు తెరిచేలోపే చెయ్యి వెళ్ళిపోయేది. నేను మూడో లైనులో ఉంటే తను ఏడో లైనులో.

"నేనెందుకే మరి ఇక్కడ, దిష్టిబొమ్మలాగా?"

"మీరు మరీ నెమ్మదిగా చదువుతున్నారత్తయ్యా."

నవ్వేసి ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే.

గ్రౌండ్ స్కూలు పరీక్షలు మంచినీళ్ళు తాగినట్టు రాసింది. సిమ్యులేటరు మొదలయ్యాక ఒక ఆదివారం ఇంటికొచ్చింది. బ్యాగు గుమ్మంలోనే పడేసి, చెప్పులైనా విప్పకుండా కూలబడింది. ట్రైనరు ఇచ్చిన కాగితం నా చేతికిచ్చింది. 'ఒంటరిగా పని చేస్తోంది. ఇలాగే అయితే పాస్ కాదు' అని ఉంది. పరీక్ష బుధవారం.

"సిమ్యులేటర్లో నా పక్కన కూర్చునే పైలట్ ఎవరనుకున్నారు? అందరూ ఆయన్ని నత్తగారంటారు. ఒక మాట అడిగితే గుటక మింగి, కళ్ళద్దాలు సర్దుకుని, అప్పుడు చెప్తాడు. ఆలోపు విమానం కింద పడదూ?"

"అందుకని?"

"అందుకని నేనే చేసేస్తున్నా."

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నా నోట నిజం ఆగదు. కన్నకొడుక్కి కూడా చెప్పని సంగతి ఆ రోజు కోడలికి చెప్పేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక స్టాపులో ఒక పెద్దాయన దిగుతున్నాడు. డ్రైవరు అద్దంలో చూశాడనుకున్నాను నేను. నేను చూశాననుకున్నాడు డ్రైవరు. ఒకరినొకరు అడగలేదు, బస్సు కదిలింది. ఆయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో. పడిపోయాడు, తుంటి విరిగింది. మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు. తప్పంతా డ్రైవరు మీద రాశారు. సగం నాదని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

"ఆ తర్వాత నేను బస్సు డొక్క మీద చరిచి 'రైట్, రైట్' అనకుండా ఏ బస్సూ అంగుళం కదల్లేదు. గయ్యాళిదన్నారు. అననీ! నీకు ఇన్నేళ్ళకి పక్క సీటంటూ ఒకటి ఇచ్చారే పిచ్చిదానా. అది సామాను పెట్టుకోడానికి కాదు."

కోడలు చెప్పులు విప్పి, తనే రెండు కుర్చీలూ తెచ్చి బీరువా ముందు వేసింది.

ఆ మధ్యాహ్నమంతా నేనే నత్తగారిని. తను అడగ్గానే గుటక మింగాను. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ పెట్టుకున్నాను. నేను 'సరే' అనకముందు చెయ్యి కదిలిందా, బీరువా మీద ఫెడీమని చరిచాను. మొదటి చరుపుకు గ్యాసు పేలిందని మా వాడు బనీనుతో పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి నా అరచెయ్యి వాచింది. కోడలి చెయ్యి ఒళ్ళో కుదురుగా ఉండటం నేర్చుకుంది.

బుధవారం నేను చేసిన పని ఒక్కటీ సవ్యంగా లేదు. కూర మాడింది, పాలు పొంగాయి, మా వాడి మీద రెండుసార్లు ఉత్తపుణ్యానికి అరిచాను. నాలుగింటికి ఫోన్ మోగింది.

"అత్తయ్యా, పాసయ్యాను."

"సరిగ్గా చెప్పవే!"

"పైకి లేవగానే ఒక ఇంజిన్లో మంటలని గంట మోగింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యి మీట మీదికి వెళ్ళిపోయింది. లాగబోయి ఆగాను. 'ఒకటో ఇంజిను ఆపేస్తున్నా, సరేనా?' అని అడిగాను. ఆయన గుటక మింగాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నాకు ప్రాణం పోతోందత్తయ్యా. అప్పుడన్నాడు, 'ఒకటోదే. కానీ మీ చెయ్యి రెండోదాని మీదుంది.'"

"అంటే?" అన్నాను.

"ఆగకపోతే బాగున్న ఇంజిన్ని ఆపేసేదాన్ని" అంది. "పరీక్ష పెట్టినాయన కాగితం మీద అదే రాశాడు. అడిగింది, ఆగింది, విన్నది అని."

బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను. దుఃఖం కాదు, హమ్మయ్య అనే ఏడుపు. ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందు గాల్లో ఆడుతున్న ఆ పెద్దాయన కాలు, ఆ రోజు మొదటిసారి నేలకు ఆనింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉన్నానే తల్లీ, ఎక్కడికి పోతాను?"

"ఇంటికి బయల్దేరుతున్నా. సరేనా?"

వాచిన చేత్తోనే బీరువా మీద గట్టిగా చరిచాను. "రైట్, రైట్!"

ఫోన్ పెట్టేసి బీరువా తలుపు తెరిచాను. కాగితం కాక్‌పిట్ నిలువునా రెండుగా చిరిగింది. చిరిగితే చిరిగింది, కోడలు వచ్చేసరికి మంచి చీర కట్టుకోవాలి నేను.