పసుపు కుప్ప మీద బావ

పోయిన నెల ఫోన్లో ఏదో చూస్తుంటే ఆ పాత ఆట ప్రకటన కనపడింది. ఊరు కట్టుకుని, పొలం చేయించి, సైన్యాన్ని పెంచి, పక్క రాజు మీదికి పోయే ఆట. పాత ఇంటికి సున్నం వేసినట్టు దానికి కొత్త రంగులద్ది మళ్ళీ అమ్ముతున్నారు. చూడగానే నాకు చిన్నతనం గుర్తొచ్చిందని చెబితే అందంగా ఉంటుంది గానీ, నిజానికి గుర్తొచ్చింది మా బావ. ఆ వెంటనే ఇరవై ఏళ్ళ నాటి కడుపుమంట కూడా రాజుకుంది. ఆ సాయంత్రమే ఆట కొని ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. "గీ వయసుల గీ ఆటలేంది?" అంది మా ఆవిడ. పని ఉందన్నాను.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. వాళ్ళది ఆలూర్, మాది పెర్కిట్. మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో అమ్మ దానికి పాత చీరతో ముసుగు కుట్టింది. కుట్టి ఏం లాభం, మా ఇంటి వెనకే పసుపు కళ్ళం. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పే రోజుల్లో ఇల్లంతా పచ్చటి దుమ్ము, ఘాటు వాసన. కీబోర్డు మీద అక్షరాలు పచ్చబడేవి. మౌసు అడుగున ఉండే గోలీకి పసుపు పట్టి తెర మీది బాణం కదిలేది కాదు. దాన్ని విప్పి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ బిగించే పని నాది. అలా నేను తుడిచి పెట్టిన మౌసుతో, మా నాన్న కొన్న కంప్యూటర్ మీద, ప్రతి ఆదివారం ఆలూర్ నుంచి ఆటోలో దిగి గెలిచి పోయేవాడు బావ.

ఉన్నది ఒకటే కంప్యూటర్ కాబట్టి మేమిద్దరం ఎదురెదురుగా ఎప్పుడూ ఆడలేదు. వంతులవారీగా మిషన్‌తో ఆడేవాళ్ళం. నాకు గుర్రాల మీద మోజు. ఆట మొదలవగానే గుర్రాలను తయారుచేసి దండెత్తేవాణ్ణి, ఊళ్ళో తిండి అయిపోయి చిత్తుగా ఓడేవాణ్ణి. బావ మాత్రం తీరిగ్గా పొలాలు వేయించేవాడు. "కడుపు నిండంది కత్తి పడ్తరార బామ్మర్ది?" అనేవాడు. ఓడిన బాధ కంటే ఆ మాట ఎక్కువ కాలేది.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణే, వెనక కుర్చీలో నానమ్మ లేకపోతే. ఆమె టీవీ కంటే మా ఆటే ఎక్కువ చూసేది. అందులో కట్టెలు కొట్టే, పొలం దున్నే బొమ్మ మనుషులు ఆమెకు కైకిలోళ్ళు, అంటే మా పొలానికొచ్చే కూలివాళ్ళు. నా వంతు వస్తే చాలు, "అరే, గా కైకిలోడు చెట్టుకాడ ఉత్తగనే నిలవడ్డడు చూడు" అని గోల పెట్టేది. ఒకరోజు కొందరు బొమ్మ మనుషులు గునపాలతో పచ్చటి గుట్టను కొడుతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడింది. "పసుపును గట్ల కొడ్తే కొమ్ములు ఇరిగిపోవార?"

"అది పసుపు కాదు నానమ్మా, బంగారం" అన్నాను.

"బంగారం ఎవలన్న గిట్ల కుప్పలు పోసి బయట పెడ్తరార, పిచ్చోడ?"

తర్వాతి వంతు బావది. నానమ్మ మళ్ళీ అదే అడిగింది. "అవు అమ్మమ్మా, పసుపే. మెల్లగనే కొట్టుమన్న. జర ఆగు, ఇంకిద్దరు కైకిలోల్లను తోల్త" అన్నాడు వాడు. నానమ్మ ముఖం వెలిగిపోయింది. "నా బిడ్డ కొడుకు! ఎవుసం తెల్సినోడు" అని లేచి వెళ్ళి డబ్బాలోంచి గరిజెలు, అదే కజ్జికాయలు, తెచ్చి ముందు వాడి చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పింది నేను, గరిజె తిన్నది వాడు! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, కూతురి కొడుకు ముందు ఇంట్లో ఉన్న కొడుకు కొడుకు ఆమె కంటికి ఆనలేదు. ఆ 'ఎవుసం తెల్సినోడు' అన్న మాట ఒక్కసారి నా గురించి అనిపించుకోవాలని నాకు పట్టుదల పుట్టింది.

గుర్రాలు మానేశాను. పొలాలు వేయించాను. ఒక మధ్యాహ్నం నిజంగానే గెలిచాను. వెనక్కి తిరిగితే నానమ్మ కుర్చీలో నిద్రపోతోంది. భుజం పట్టి కుదిపి లేపి తెర చూపించాను. కళ్ళద్దాలు సరిచేసుకుని ఇళ్ళూ, పొలాలూ, నిండు ఊరూ అంతా చూసింది. "మీ బావ వచ్చి పోయిండా?" అంది.

తర్వాత చదువులు, ఉద్యోగాలు వచ్చాయి. నానమ్మ పోయింది. బావ ఆలూర్‌లో ఎరువుల దుకాణం పెట్టాడు. ఆట సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే ఈ నెలంతా ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సాధన చేసి, మొన్న ఆదివారం వాణ్ణి ఆటకు పిలిచాను. పాపం, వాళ్ళమ్మాయి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వచ్చాడు. చిన్నప్పుడు ఆడుకున్న అదే హాల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఈసారి పొలాలు ముందే వేసి, కడుపులు నింపి, ఆ తర్వాత నా గుర్రాలను వాడి బంగారు గని మీదికి తోలాను.

బావ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, "అమ్మమ్మా! నా పసుపంత కొల్లగొడ్తుండు, చూడు వీన్ని!" అని కేక వేశాడు.

వెనక కుర్చీ లేదు. చాయ్ తెస్తున్న మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. బావ మెల్లగా ఇటు తిరిగి నవ్వాడు. "నోట్లకెల్లి గట్లనే వచ్చిందిర" అన్నాడు. ఆ తర్వాత మనసు పెట్టి ఆడలేదు, ఓడిపోయాడు. "గెల్చినవ్ పో బామ్మర్ది" అని చాయ్ తాగి, నవ్వుకుంటూనే వెళ్ళిపోయాడు.

వాడు పోయాక ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ ఆట తెరిచాను. ఆ పచ్చటి గుట్ట మీద బాణం పెట్టి, ఎవరూ వినకుండా "పసుపు" అన్నాను. నా నోట అది అతకలేదు. ఎన్నిసార్లు చూసినా అది నాకు బంగారంలాగే కనిపించింది. ఇన్నేళ్ళ కాలం నన్ను ఆటలో గెలిపించింది గానీ, నానమ్మకు బిడ్డ కొడుకును మాత్రం చేయలేకపోయింది.