షాపులో అద్దం కోసుకుంది

మా వీధిలో కిటికీ అద్దం బిగించడం మా అక్కంత బాగా ఎవరికీ రాదు. అద్దాల షాపులో నేర్చుకుందని అందరూ అనుకుంటారు. షాపులో నేర్చుకున్నది అద్దం కోయడం మాత్రమే. చెక్కలో ఇరుక్కున్న పెంకుల్ని లాగి, ఎండిపోయిన పాత పుట్టీని గీకి, కొత్త అద్దాన్ని చప్పుడు కాకుండా కూర్చోబెట్టడం ఇంట్లో నేర్చుకుంది. బావ పగలగొట్టేవాడు, అక్క బిగించేది.

"మీ ఆయన పుణ్యమా అని చెయ్యి బాగా తిరిగింది నీకు," అని షాపు మేస్త్రి ఎగతాళి చేసేవాడు.

అక్క నవ్వేది. పెదవి చిట్లిన రోజుల్లో ఒక పక్కే నవ్వేది.

బావ సైన్యంలో లారీ నడిపేవాడు. కొండ మలుపులో లారీ బోల్తా పడి నడుం మీదికి ఒరిగింది. ఎముకలు అతికాయి, నొప్పి మాత్రం అతనితో పాటే ఇంటికొచ్చింది. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, పడుకుంటే మరీ నొప్పి. బాధ మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందని నేను చదివిన పుస్తకాల్లో చాలామంది రాశారు. వాళ్లలో ఒక్కడికీ నడుం విరిగి ఉండదు. బావని బాధ కరిచే కుక్కని చేసింది. ముందు తలుపు తన్నాడు. తరవాత కుర్చీలు విరగ్గొట్టాడు. తరవాత కిటికీల మీద పడ్డాడు. అక్క చేతిలోంచి గరిటె జారి చప్పుడైన రోజున, జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని పగిలిన కిటికీకేసి కొట్టాడు. నుదురు ఎముక దాకా తెగింది. నెత్తురు చూసి తనే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడిస్తే నడుం కదిలింది. నడుం కదిలిందని మళ్లీ కొట్టాడు.

ఎవరడిగినా అక్క జవాబు ఒకటే. నుదుటి మీద కుట్లేమిటి? "షాపులో అద్దం కోసుకుంది." ముంజేతి మీద ఆ నల్లటి చార? "ఫ్రేము మీద పడింది." అద్దాల షాపులో పనిచేసే ఆడదానికి అబద్ధం వెతుక్కునే శ్రమ ఉండదు.

సైనికుల ఆసుపత్రిలో నొప్పికీ మనసుకీ కలిపి వైద్యం చేసే వార్డు ఒకటుంది. అందులో మంచం దొరకాలంటే నడుం విరిగితే చాలదు. ఆ నడుం నొప్పి వల్లే మనిషి మతి తప్పుతోందని మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి.

"ఆ మంచం దొరికితే ఆయనా బతుకుతాడు, నేనూ బతుకుతాను," అంది అక్క నాతో. "దొరక్కపోతే ఇద్దరిలో ఒకళ్లం పోతాం. ఎవరో నీకు వేరే చెప్పాలా?"

అలాంటి అర్జీలు రాసేది కాగితాల తాత. సైన్యంలో గుమాస్తాగా చేసి దిగిపోయి, సైకిల్ షాపు పైన గది తీసుకున్నాడు. ఆ మెట్లు ఎక్కలేనివాళ్లని మిగతా సిపాయిలు మోసుకొచ్చేవారు.

"నొప్పి ఒంటరిగా ఉండదమ్మాయ్, పిల్లల్ని పెడుతుంది," అన్నాడు తాత. "మాత్రలు మింగి మింగి కడుపులో పుండు పడింది, అదో పిల్ల. కుంటి కుంటి మంచి మోకాలు కూడా అరిగింది, అదో పిల్ల. ఆ రెంటినీ పింఛను ఆఫీసు ఒప్పుకుంది. ఈ కోపం మూడోది. దీని తల్లి కూడా ఆ నడుమేనని చూపించాలి. తల్లెవరో తెలియని పిల్లని వాళ్లు గుమ్మం ఎక్కనివ్వరు."

"ఎలా చూపిస్తాం తాతా?"

"ఎక్స్‌రేలో కోపం పడదుగా. ఇంట్లో మనిషి నోరు విప్పాలి. అంటే నువ్వే." తాత బావ వైపు తిరిగాడు. "ఒరే, పెద్ద డాక్టర్ని చూడగానే అలవాటు కొద్దీ 'బాగున్నాను సార్' అన్నావో, చూసుకో! బోర్డు రోజు పొద్దున మాత్ర కూడా వేసుకోకు. మాత్ర వేసుకెళ్తే 'వీడికేం, దుక్కలా ఉన్నాడు' అని రాసి పంపేస్తారు."

"అంటే ఏం చేస్తావ్? నడుం విరగ్గొడతావా?" అన్నాడు బావ. ముగ్గురూ నవ్వారు. అక్క ఆ గదిలోనే తాత ఎదురుగా కూర్చుని "కొడతాడండీ" అని పలికి చూసుకుంది. మొదట్లో "కొ" దగ్గరే ఆగిపోయింది. తరవాత వచ్చింది.

బోర్డు రోజున బావ మాత్ర వేసుకోలేదు. వరండాలో బెంచీ మీద వంతు వచ్చేసరికి అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పళ్లు కొరికే చప్పుడు నాకు వినపడుతోంది. ఎక్స్‌రేల కవరు పట్టుకుని నేనూ లోపలికి వెళ్లాను. బల్ల వెనక పెద్ద డాక్టరు, పక్కన ఒక కుర్ర డాక్టరు.

"నొప్పి ఎక్కువైతే ఏం చేస్తావ్?" అని పెద్ద డాక్టరు అడిగాడు.

"పగలగొడతాను సార్."

"మనుషుల్ని?"

బావ తల దించుకున్నాడు. "ఆవిణ్ణి అడగండి సార్."

డాక్టరు అక్కని చూశాడు. "నుదుటి మీద ఆ మచ్చ ఏమిటమ్మా?"

"షాపులో అద్దం కోసుకుందండి."

అన్నాక గానీ తనేమందో అక్కకి తెలియలేదు. ఎన్నేళ్లుగానో ఆ ప్రశ్న వినగానే ఆ జవాబు దానంతటదే వచ్చేస్తోంది. ఆమె నోరు తెరుచుకునే ఉంది. డాక్టరు కలం కాగితం మీదికి వంగింది.

"ఏం కూశావే?" అన్నాడు బావ.

చేతికర్ర లేచింది. అడుగున ఇనప తొడుగున్న కర్ర అది. అక్క ఎడమ చెవి మీద పడ్డ చప్పుడు చెక్క విరిగినట్టు వినిపించింది. ఆమె బల్ల మీదికి పడింది, బల్ల మీది అద్దం అడ్డంగా చీలింది. అడ్డొచ్చిన కుర్ర డాక్టరు ముక్కు రెండో దెబ్బకి పగిలి, నెత్తురు తెల్లకోటు మీదుగా జారింది. "నిజం చెప్పవే! నేను కొడతానని చెప్పవే!" అని అరుస్తూ మూడోసారి ఎత్తాడు. నేను అతని నడుం పట్టుకున్నాను. పట్టుకోకూడని చోటు అది. గొడ్డులా అరిచి నన్ను గోడకేసి విసిరాడు.

"సిపాయ్! అటెన్షన్!"

పెద్ద డాక్టరు గొంతుకి బావ మడమలు టక్కున కలిశాయి. కర్ర తొడ పక్కకి దిగింది. గడ్డం పైకి లేచింది. కళ్లలోంచి నీళ్లు, కర్ర చివర నుంచి నెత్తురు కారుతుంటే కొయ్యలా నిలబడ్డాడు.

"ఇక సాక్ష్యం అక్కర్లేదు," అన్నాడు పెద్ద డాక్టరు.

మంచం దొరికింది. అక్క ఎడమ చెవి పోయింది.

ఆమె మళ్లీ సైకిల్ షాపు మెట్లెక్కింది. "తాతా, మూడో పిల్ల కూడా పిల్లని పెట్టింది, ఇదిగో ఈ చెవి. దీన్నీ రాయి. తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో నీకు తెలుసుగా."

తాత కలానికి మూత పెట్టేశాడు. "నువ్వు సిపాయివి కాదుగా అమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా.

"వినపళ్లేదు. ఈ పక్కకొచ్చి చెప్పు."

పాపం, ఆ మాట ఆయన రెండోసారి కూడా అనాల్సి వచ్చింది.

కొన్నాళ్లకి వార్డు నుంచి నర్సు వచ్చింది. బావ కాస్త నెమ్మదించాడనీ, ఇంటికి పంపే ముందు ఇల్లు చూసి రమ్మన్నారనీ చెప్పింది. మాటల మధ్యలో, "చెవికి ఏమైందమ్మా?" అంది.

అక్క కిటికీ చెక్కకి పుట్టీ పూస్తోంది. చెయ్యి ఆగింది. పెదాలు "షా" అనే ఆకారంలోకి వచ్చి ఆగిపోయాయి.

"ఆయన కొట్టాడు," అంది. "నుదురు కూడా ఆయనే. ఎక్కడైనా ఉంచండి, బాగా చూడండి, నేనొచ్చి చూసి పోతాను. ఇంటికి మాత్రం పంపకండి."

బావ ఇప్పుడు మాజీ సైనికుల ఆశ్రమంలో ఉన్నాడు. అక్క వెళ్తుంది. అతని కర్రకి అందనంత దూరంలో కుర్చీ వేసుకుని, కుడి చెవి అటు తిప్పి కూర్చుంటుంది.

మొన్న షాపులో అద్దం చేతిలో విరిగి అక్క అరచెయ్యి నిలువునా తెగింది. గుడ్డ చుట్టుకుని మందుల షాపుకి పరిగెత్తింది. అక్కడి పెద్దాయన దూదికి మందు అద్దుతూ, "మీ ఆయన వచ్చాడా అమ్మా?" అన్నాడు.

"లేదండీ. షాపులో అద్దం కోసుకుంది."

"అలాగేలే అమ్మా," అన్నాడు జాలిగా.

"అలాగేలే ఏమిటి? నిజంగా అద్దమే!" నెత్తురు అతని బల్ల మీద కారుతుంటే అక్క పోట్లాటకి దిగింది. "మేస్త్రిని అడగండి! రండి, ఆ పెంకు చూపిస్తాను రండి!"